ఐదో అధ్యాయం, ఆరు కిలోల మినప్పప్పు

"నానబెట్టిన పప్పు ఎండబెడితే మళ్ళీ పప్పవుద్దేటే?"

ఆదిలక్ష్మమ్మ ఈ ప్రశ్న పొద్దుట్నుంచి నాలుగోసారి అడుగుతోంది. అడుగుతున్నది కోడల్నే అయినా చూస్తున్నది మాత్రం పెరట్లోని రెండు గంగాళాల వైపు. వాటిలో ఆరు కిలోల మినప్పప్పు, పోసిన నీళ్ళన్నీ తాగేసి, ఆ ఇంట్లో ఇంకెవరికీ లేనంత నిశ్చింతగా ఉబ్బి కూర్చుంది.

"అవదత్తా," అంది గౌరీశ్వరి బియ్యం కడుగుతూ.

"మరి సాయంత్రం సభకి నాను రానని నువ్వు కూకుంటే గారెలెవుడు తింటాడు?"

"నాను రాకపోయినా గారెలకొస్తారు. శ్రీహరిపురం సంగతి నీకు తెల్దేటి?"

తెలుసు కాబట్టే ఆదిలక్ష్మమ్మ గంగాళాల్లో మరో చెంబు నీళ్ళు పోసింది.

అంతలో వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "సోదర సోదరీమణులారా! విశ్వంలో ఎవరికీ కనపడని పదార్థాన్ని కనిపెట్టిన మన వీధి ఆడపడుచు శ్రీమతి గౌరీశ్వరి గారికి ఈ సాయంత్రం ఆరు గంటలకు యువజన సంఘం మైదానంలో ఘన సన్మానం! ముఖ్య అతిథి, ప్రముఖ ఓడల ఏజెంటు శ్రీ కనకరత్నం గారు! అల్పాహారం కలదు! అల్పాహారం కలదు!"

పదార్థం గురించి ఒకసారి, అల్పాహారం గురించి రెండుసార్లు చెప్పి ఆటో మలుపు తిరిగింది.

"ఆడపడుచేటి? కోడలు గదా నువ్వు!" అంది ఆదిలక్ష్మమ్మ. "ఆ ముక్కయినా సరిగ్గా సెప్పనేదు ఎదవలు."

"అంతా తప్పే చెప్తన్నారత్తా. నీకు ఆ ఒక్కటే దొరికింది."

సోమవారం నాటి పేపర్లో లోపలి పేజీలో, గొడుగుల ప్రకటన పక్కన, నాలుగు వేళ్ళ మేర ఆ వార్త వచ్చింది: 'కనపడని పదార్థం దొరికింది - విశాఖ మహిళ ఘనత.' యూనివర్సిటీలో గౌరి ఇచ్చిన ఉపన్యాసం ఆ విలేకరి మొదటి పది నిమిషాలు విన్నాడు. దొరికితే ఎలా ఉంటుందో ఆమె ఆ పది నిమిషాల్లో చెప్పింది. దొరకలేదేమో అని చెప్పిన మిగతా నలభై నిమిషాల్లో ఆయన బయట టీ తాగుతున్నాడు.

గౌరి ఆ వార్త చదివి సవరణ రాసేలోపే మావగారు అప్పలసూరి ఆ కాగితం కత్తిరించి పోర్టు క్యాంటీన్ గోడకు అంటించేశాడు. గోడకు అంటిన దాన్ని సవరించడం ఎవరి తరమూ కాదు.

*

సన్యాసిరాజు ఆ రోజు సెలవు పెట్టాడు. ఉక్కు కర్మాగారం కడుతున్న చోట స్టోర్సులో పని అతనిది. పెళ్ళాం సన్మానం అని రాసి మరీ సెలవు తీసుకున్నాడు. ఇప్పుడు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళలేక, వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఉందంటే ఏటి పోతాది గౌరీ?" అన్నాడు చివరికి. "ఉన్నాదో నేదో ఎవుడొచ్చి సూస్తాడు? కనపడనిదే గదా!"

"అదే బావా నా బాధ. కనపడేదయితే నాను అబద్ధం ఆడినా పట్టుకోడానికి పదిమందుంటారు. దీనికి ఎవరున్నారు?"

"ఉద్యోగం మాట ఆలోచించేవా? వచ్చే నెల ఇరవైకి లెక్చరర్ ఇంటర్వ్యూ. ఈలోగా థీసిస్ లోపలికెళ్ళాలి. దాని మీద మీ ప్రొఫెసర్ గారి సంతకం పడాలి. ఆయనేమో ఐదో అధ్యాయం తీసెయ్, సంతకం పెడతానంటన్నాడు. నాలుగు అధ్యాయాలు సాల్దేటి? మా మేనేజర్‌కి అసలు అధ్యాయాలే నేవు, కారిచ్చేరు."

గౌరి నవ్వాపుకుంది. ఆ మేనేజర్ని ఆమె ఒకసారి చూసింది.

"ఐదేళ్ళు," అన్నాడు సన్యాసిరాజు గొంతు తగ్గించి. "ఐదేళ్ళు బస్సులో యూనివర్సిటీకి నీ కార్డుల పెట్టె మోసేను. కంప్యూటర్‌కి పెట్టే ఆ కన్నాల కార్డులు. ఒకసారి వానలో తడిసిపోతే ఇక్కడే, ఈ వసారాలో, ఆవకాయ ముక్కల్లాగ ఎండబెట్టేను. గుర్తుందా?"

"వరస తప్పకుండా ఎండబెట్టేవు. నువ్వు కాబట్టి."

"మరి? ఆ మోత అంతా ఏటీ దొరకనేదని సెప్పడానికా?"

గౌరి దగ్గర దీనికి జవాబు ఉంది కానీ, చొక్కా ఇస్త్రీ నలిగేలా అతను తలుపుకు ఆనుకుని నిలబడిన తీరు చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరూ కాసేపు దండెం మీద చీరలకేసి చూశారు. ఓడరేవు వైపు నుంచి గాలి తిరిగింది. తెల్ల చీర మీద ఇనప ఖనిజం ధూళి అప్పుడే ఎర్రగా పడుతోంది.

ఆదిలక్ష్మమ్మ వచ్చి ఆ చీర తీసి దులిపింది.

"అసలా ఐదో అధ్యాయంలో ఏటుందే గుంటా? బూతులేటైనా రాసేవా?"

"రాస్తే ఈపాటికి సంతకం అయిపోయేదత్తా." గౌరి చెయ్యి తుడుచుకుని అత్తగారి ఎదురుగా పీట వేసుకుంది. "నువ్వు అమ్మోరి గుళ్ళో కొబ్బరికాయ కొడతావు. ఒక చిప్ప నీ చేతిలో ఉంది. రెండోది కనపడ్డం నేదు. ఏటనుకుంటావు?"

"పూజారి ఏసుకున్నాడనుకుంతాను."

"చూసేవా! నువ్వు పూజారి దగ్గర మొదలెట్టేవు. జెనీవాలో పెద్ద యంత్రం ఉంది. అందులో రెండు సూక్ష్మమైన రేణువుల్ని ఎదురెదురుగా గుద్దిస్తారు. ఒక పక్కకి ముక్కలెగిరితే రెండో పక్కకీ సరిసమానంగా ఎగరాలి. అది నియమం. కానీ అరడజను సార్లు ఒక పక్కకే ఎగిరేయి. రెండో పక్క ఖాళీ."

"రెండో సిప్ప నేదు."

"నేదు. అప్పుడు కొందరు ఏటన్నారంటే, మనకి తెల్సిన ప్రతి రేణువుకీ ఇంకా ఎవరూ చూడని జత ఒకటుంది, సూపర్‌సిమెట్రీ అంటారు దాన్ని, వెలుగు రేణువుకి ఉన్న జత పేరు ఫోటినో, అదే ఈ చిప్ప పట్టుకుని కనపడకుండా పోయిందీ అని. ఆకాశంలో నక్షత్రాల గుంపుల్ని పట్టి ఉంచుతున్న కనపడని బరువు కూడా ఈ ఫోటినోలే కావచ్చన్నారు."

"అమ్మోరే పట్టుకెళ్ళిందన్నమాట."

"ఆ. నిజంగా అయితే అంతకన్న గొప్ప సంగతి లేదు. కానీ న్యూట్రినో అని పాత దొంగొకడున్నాడత్తా. వాడూ కనపడడు. వాడి సంగతి మనకెప్పట్నుంచో తెల్సు. కొత్త దొంగొచ్చేడని దండోరా ఏసేముందు, ఆ రోజు పాత దొంగ ఊళ్ళో ఉన్నాడా లేడా అని చూడాలా వద్దా? అది చూసిన లెక్కే ఐదో అధ్యాయం."

"ఉన్నాడా?"

"ఉన్నాడు. ఆ అరడజనూ వాడొక్కడే ఎత్తుకుపోగలడు. కొత్తోడి అవసరం నేదు."

ఆదిలక్ష్మమ్మ "అయితే పూజారే," అని తేల్చి, పప్పు కడగడానికి లేచింది. భౌతికశాస్త్రంలో ఇంత త్వరగా తేలిన విషయం ఆ సంవత్సరం ఇంకొకటి లేదు.

*

ప్రొఫెసర్ నరసింహమూర్తి పదకొండింటికి స్కూటర్ మీద వచ్చారు. గోదావరి వైపు మనిషి. కోపం వచ్చినా 'అమ్మా' అనే కోప్పడతారు. చంకలో ఎర్ర దారం కట్టిన ఫైలు ఉంది. అందులో ఉన్నది గౌరి థీసిస్ అని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దానికేసి చూడలేదు.

మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఐదో అధ్యాయం తప్పని నేను అనడం లేదమ్మా," అన్నారు.

"మరేమంటున్నారు సార్?"

"తొందర అంటున్నాను. అక్కడ వందమందికి పైగా పనిచేస్తున్నారు. వాళ్ళే ఇంకా ఇదీ అని తేల్చలేదు. మనం ఇక్కడ, కరెంటు ఉన్నప్పుడే పనిచేసే కంప్యూటర్ మీద లెక్క వేసి, కాదు పొమ్మంటే ఎలా ఉంటుంది?"

"నా లెక్కలో పొరపాటుంటే చూపించండి సార్. ఇవాళే చింపేస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మూడు వారాలు వెతికాను. దొరకలేదు."

"మరి!"

"దొరకనంత మాత్రాన లేదని కాదుగా అమ్మా."

గౌరి పెదవి కొరుక్కుంది. ఫోటినో గురించీ ఆయన సరిగ్గా ఇదే మాట అంటారు. ఆయనకూ అది స్ఫురించినట్టుంది. మొహం పక్కకు తిప్పుకున్నారు.

"పదేళ్ళయింది నేను ఈ సూపర్‌సిమెట్రీ పట్టుకుని," అన్నారు, మరో గొంతుతో. "రిటైరయ్యే లోపల ఒక్కసారి కనపడుతుందనుకున్నాను. ఆ ఆరు ఘటనల కబురు వచ్చిన రోజు నేను మా ఇంట్లో పాయసం చేయించాను. నువ్వూ తిన్నావు."

"తిన్నాను సార్. బావుంది."

"మరి ఇప్పుడు నా చేత్తోనే అది వట్టిదని సంతకం పెట్టమంటావా?"

"వట్టిదని నేను అనలేదు సార్. సూపర్‌సిమెట్రీ ఉండొచ్చు. కనపడని బరువు ఉంది. అది నేను నమ్ముతాను. ఈ ఆరింట్లో మాత్రం కనపడలేదంటున్నాను. పెళ్ళికూతురు ఉంది, ఈ పల్లకీలో లేదు. అంతే."

"నువ్వు మాటకారివే. ఆ మాటకారితనం ఇంటర్వ్యూలో చూపించు." నరసింహమూర్తి లేచారు. ఫైలు మీద రెండుసార్లు వేళ్ళతో తట్టారు. "సర్టిఫికెట్ కాగితం ఇందులోనే ఉంది. సాయంత్రం సభకు తెస్తాను. అందరి ముందూ సంతకం పెడితే నీకూ గౌరవం, నాకూ గౌరవం. నాలుగు అధ్యాయాలకు. నువ్వు మైకులో ఏం మాట్లాడతావో విని, అప్పుడు కలం తీస్తాను."

"తియ్యకపోతే?"

"రెండేళ్ళు ఆగుదాం. జెనీవా వాళ్ళనే తేల్చనీ."

రెండేళ్ళంటే ఈ ఉద్యోగం పోయినట్టే. గేటు దగ్గర స్కూటర్ మూడుసార్లు తన్నించుకుని నాలుగోసారి కదిలింది.

"సభకి వస్తానను," అన్నాడు సన్యాసిరాజు వెనకనుంచి. "మైకులో దండం పెట్టి దిగిపో. మాటాడకపోతే అబద్ధం ఆడినట్టు కాదు గదా."

"వస్తాను," అంది గౌరి. సన్యాసిరాజు మొహం వెలిగింది. "వచ్చి మాటాడతాను," అంది. ఆరిపోయింది.

*

అప్పలసూరి మధ్యాహ్నం రెండింటికి ఇంటికి చేరాడు. కనుబొమ్మల మీద ఎర్ర ధూళి. నూతి దగ్గర మొహం కడుక్కుంటూనే, "ఏటి? అందరూ సావింట్లో కూకున్నట్టు కూకున్నారు?" అన్నాడు.

సన్యాసిరాజు అంతా చెప్పాడు. గౌరి తలెత్తకుండా ఆయనకు మరో చేద నీళ్ళు తోడింది. ఎదుటున్నది మావగారే కాదు, సొంత మేనమామ. చిన్నప్పుడు యలమంచిలిలో ఆమెకు కూడికలు నేర్పింది ఆయనే. పోర్టులో బావా బావా అని పిలుచుకునే వాళ్ళందర్నీ సభకు రమ్మని పిలిచింది కూడా ఆయనే.

ఆయన పని ఓడల మునక చూడడం. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి, దాని ఒంటి మీద రాసిన అంకెల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసి చెబుతాడు. మునకను బట్టి మొత్తం బరువు తెలుస్తుంది. అందులోంచి ఓడ సొంత బరువు, చమురు, మంచినీళ్ళు, అడుగున ట్యాంకుల్లో నింపిన ఉప్పునీళ్ళు తీసేసినా కొంత బరువు మిగిలిపోతుంది. బురదో, తుప్పో, పాత మోకులో, ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. కానీ ఓడ మునిగే ఉంటుంది. కాగితం మీద దానికి కాన్‌స్టెంట్ అని పేరు పెట్టి సంతకం చేస్తారు.

పెళ్ళయిన కొత్తలో ఈ ముక్క వినే, ఆకాశంలోని కనపడని బరువు మీద పని చేయాలని గౌరి నిర్ణయించుకుంది. అందుకే సన్మానం సగం తనకే అని అప్పలసూరి లెక్క.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"గౌరీ. పాత దొంగే అని నికరంగా సెప్పగలవా?"

"పాత దొంగ సరిపోతాడని చెప్పగలను మావయ్యా. కొత్తోడు రానేదని ఒట్టెయ్యలేను. వచ్చేడని చెప్పడానికి మాత్రం సాక్ష్యం నేదు."

అప్పలసూరి ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. మణికట్టున బంగారు రంగు వాచీ. "ఇదెందుకిచ్చేరో తెల్సునా?"

ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. డెబ్భై ఎనిమిదిలో, సముద్రం ఎగిరిపడుతున్న రోజున, బయటి హార్బర్లో ఒక ఓడ ఉండాల్సిన దానికన్నా మూడు వందల టన్నులు ఎక్కువ మునిగి ఉందని అప్పలసూరి పట్టేశాడు. ఓడ వాళ్ళు ఒప్పుకున్నారు. అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న బురద అని రాసుకుని సంతకాలు చేశారు. ఓడ వేళకు కదిలింది. ఏజెంటు కనకరత్నం పదిమందిలో ఈ వాచీ తొడిగాడు. 'కనపడని మూడు వందల టన్నులు పట్టినోడు' అని పోర్టులో ఈనాటికీ చెప్పుకుంటారు.

"ఆ ఓడ మళ్ళీ ఒచ్చింది," అన్నాడు అప్పలసూరి. "ఏడాదయ్యాక. ఓడలో సరుకు సూసే ఆపీసరు, మేటు, నన్ను సూసి నవ్వేడు. ఒక ట్యాంకులో నీళ్ళు కొలవడానికి టేపు దించే గొట్టం తుప్పుతో పూడుకుపోయిందట. మా కొలత టేపు ఆ తుప్పు మీదే ఆగిపోయింది. పొడిగా ఉందని రాసీసినాను. లోపల మూడొందల టన్నుల ఉప్పునీళ్ళు."

అప్పలసూరి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బురదా నేదు, బూడిదా నేదు. సముద్రం నీళ్ళే. ఎదురుగా కనపడతన్న సముద్రమే. నానొక ట్యాంకు సరిగ్గా సూడనేదు. అంతే."

"ఆరేళ్ళు!" అంది ఆదిలక్ష్మమ్మ. "నాకు సెప్పనేదేటి?"

"సెప్తే వాచీ తీసెయ్యమంటావని."

"ఎందుకంటాను? తప్పు సేసింది నువ్వు. వాచీ ఏటి సేసింది?"

అప్పలసూరి నవ్వబోయాడు, రాలేదు. "ఈ మాట ఈ పెరడు దాటకూడదు. కనకరత్నం గారు ఇవాళ అక్కడే ఉంటాడు. నా సర్వీసు ఇంకా ఏడాదుంది. నా సంతకం మీదే ఓడలు కదుల్తన్నాయి. ఇన్నావా గౌరీ?"

"దాటదు మావయ్యా."

"నువ్వు మాత్రం నీ ట్యాంకులన్నీ సూసినావు. దానికి సిగ్గు పడకు." ఆయన లేచి, అన్నం పెట్టమని అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఆదిలక్ష్మమ్మ గంగాళం ఎత్తి కొడుకు చేతిలో పెట్టింది. "హోటల్‌కి ఎల్లి రుబ్బించుకురా. దొరికిందన్నా నేదన్నా గారెలు ఒకేలాగ ఏగుతాయి."

*

ఆరింటికి మొదలవ్వాల్సిన సభ ఆరున్నరకు మొదలైంది. వేదిక వెనక పరదా మీద తోరణాలు, ముందు ఆరు కుర్చీలు. పోర్టు నుంచి వచ్చిన వాళ్ళు మొదటి రెండు వరసలూ ఆక్రమించారు. గారెల వాసన మాత్రం చివరి వరసలోంచి వస్తోంది కాబట్టి అందరి మెడలూ వెనక్కే తిరిగి ఉన్నాయి.

నరసింహమూర్తి ఒళ్ళో ఎర్ర దారం ఫైలు. పక్కన కనకరత్నం, తెల్ల లాల్చీ, ప్రసన్నమైన మొహం. బల్ల మీద శాలువా మడత.

శాలువా కప్పకముందే గౌరి మైకు దగ్గరికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళకూడదు. సంఘం కార్యదర్శి చేతిలోని కాగితంలో శాలువా ముందు, మాటలు తర్వాత.

"నమస్కారం," అంది. "ముందుగా ఒక మాట. ఆ పదార్థం నాకు దొరకలేదు."

ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"పేపర్లో వచ్చింది తప్పు. అది ఉందని చాలామంది నమ్ముతున్నారు, నేనూ నమ్ముతున్నాను. కానీ జెనీవాలో చూసిన ఆరూ మనకు తెలిసిన పాత సంగతులతోనే సరిపోతాయని నా లెక్కలో తేలింది. నేను చేసిన పని అదీ. ఒక్కోసారి మనం కొత్తదనుకున్నది..."

ఇక్కడ ఒక ఉదాహరణ ఉంటే అందరికీ అర్థమైపోతుంది. ముందు రెండు వరసల వాళ్ళకయితే మరీను. గౌరి నాలిక చివరిదాకా వచ్చింది. "...ఒక ఓడ..." అంది.

చివరి వరసలో, గారెల బుట్టల పక్కన నిలబడ్డ అప్పలసూరి కుడి చేత్తో ఎడమ మణికట్టు మూసుకున్నాడు.

గౌరి ఆగిపోయింది. మాటిచ్చింది. మైకు ఒకసారి కూసి ఊరుకుంది.

ఆ ఖాళీలోకి నరసింహమూర్తి లేచి వచ్చారు. ఎంతో ఆప్యాయంగా మైకు తన వైపు తిప్పుకున్నారు.

"చూశారా! ఇదీ వినయం. ఇంత సాధించి కూడా ఏమీ లేదంటోంది. నిజమైన పండితుల లక్షణం ఇదే!"

మైదానం చప్పట్లతో హోరెత్తింది. అబద్ధమని చెప్పినా నమ్మకుండా, నిజం చెప్పినా వినకుండా, వినయానికి మాత్రం అంత గట్టిగా చప్పట్లు కొట్టే జనాన్ని గౌరి అంతకుముందు చూడలేదు. ఈ సందట్లో శాలువా వచ్చి భుజాల మీద పడింది.

ఆమె దాన్ని తీసి, మడత పెట్టి, బల్ల మీద ఉంచింది. "ఇది వినయం కాదండీ!" అంది. మైకు అప్పటికే కనకరత్నం ముందుకు వెళ్ళిపోయింది. ఆమె గొంతు రెండో వరస దాటలేదు.

"నాను సెప్పింది ఇనండి!" అంది ఈసారి అరిచి. మూడో వరస దాకా వెళ్ళింది. అక్కడ ఎవరో ముసలమ్మ, "పాపం, ఎంత సిగ్గో!" అంది.

నరసింహమూర్తి ఫైలు దారం విప్పారు. జేబులోంచి కలం తీశారు. గౌరికి మాత్రమే వినపడేంత మెల్లగా, "నాలుగు అధ్యాయాలకు," అన్నారు.

"ఐదింటికీ సార్. లేకపోతే వద్దు."

"ఉద్యోగం?"

"వద్దు."

కలం మూత అలాగే ఉంది. కింద సన్యాసిరాజు తల పట్టుకున్నాడు.

కనకరత్నం గొంతు సవరించుకున్నాడు. "ఈ అమ్మాయి సంగతి నాకేం ఆశ్చర్యం కలిగించలేదు. కనపడనిది కనిపెట్టడం ఆ ఇంటి గుణం! డెబ్భై ఎనిమిదిలో మన అప్పలసూరి ఏం చేశాడో ఈ ముందు వరసల వాళ్ళని అడగండి. మూడు వందల టన్నులు! ఏడీ అప్పలసూరి? పైకి రావాలి! ఆ వాచీ అందరికీ చూపించాలి!"

పోర్టు వాళ్ళు ఈలలు వేశారు. "ఎల్లు బావా! ఎల్లు!"

అప్పలసూరి కదల్లేదు. పక్కనున్న ఆదిలక్ష్మమ్మ చేతిలోని జల్లిగంటె కింద పెట్టి, మొగుడి మొహంలోకి చూసింది. ఆయన భుజం మీది తువ్వాలు సరిచేసింది.

ఆయన కుర్చీల మధ్య దారిలోంచి నడిచి వచ్చాడు. నడుస్తూనే వాచీ పట్టీ వదులు చేయసాగాడు. చూపించడానికని అందరూ అనుకున్నారు.

"మావయ్యా, వద్దు," అంది గౌరి మెట్ల దగ్గర. "నాను చెప్పలేదు."

"తెల్సు. అందుకే ఒచ్చేను."

వాచీ శాలువా మీద పెట్టాడు. తెలియని జంతువును పట్టుకున్నట్టు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"మా కోడలిది ఇనయం కాదు బాబూ. దానికి అది అలవాటు నేదు." జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇనయమంటే ఏటో, అబద్ధమంటే ఏటో నాకు తెల్సు. ఏడేళ్ళు సేతికి కట్టుకున్నాను. కనకరత్నం బాబూ, ఆ వేళ నాను ఒక ట్యాంకు..."

కనకరత్నం ఇంకా చిరునవ్వుతోనే తల ఊపుతున్నాడు. ఈలలు వేసిన చేతులు నోటి దగ్గరే ఉన్నాయి.

వేదిక మీద ఒక్క నరసింహమూర్తికే ఆ వాక్యం ఎటు పోతోందో ముందుగా అర్థమైంది. ఆయన వాచీ వైపు చూశారు, గౌరి వైపు చూశారు. కలం మూత తీశారు.

తీసి, ఫైల్లో అడుగునున్న ఐదో అధ్యాయం పైకి లాగి, మిగతా నాలుగింటితో చేర్చారు.